కొండపల్లి అడవిలో పుట్టగొడుగుల సర్వే: తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడిందంటే చాలు, విజయవాడ, గుంటూరు కాలేజీల పిల్లలూ ఆదివారం కొండలెక్కే వాళ్లూ ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. కొండపల్లి రిజర్వు ఫారెస్టును దృష్టిలో పెట్టుకుని రాశాను గానీ, కొండవీడు, మంగళగిరి కొండలకీ దాదాపు ఇవే పనికొస్తాయి. నల్లమలకి వెళ్లాలనుకునే వాళ్లు మాత్రం పర్మిషన్ గురించిన జవాబు రెండుసార్లు చదవండి.

సర్వే అంటే అడవిలో తిరుగుతూ పుట్టగొడుగులు లెక్కపెట్టడమేనా?

లెక్క అందులో చిన్న భాగం. ఒక చోటు ఎంచుకుని, ఆ సీజన్ అంతా అక్కడికే తిరిగి తిరిగి వెళ్తూ, ఏయే జాతులు వచ్చాయి, ఏ చెట్టు కింద వచ్చాయి, మట్టి మీదా, ఎండు కొమ్మ మీదా, పేడ మీదా, చెదపుట్ట మీదా అన్నది రాసుకుని, ఒక్కో జాతికి కనీసం ఒక నమూనా ఎండబెట్టి దాచాలి. ఈ చివరి పనే అన్నిటికన్నా ముఖ్యం. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే: నమూనా దాచని జాబితా ఎంత పొడుగున్నా దాన్ని తర్వాత ఎవరూ సరిచూడలేరు. శిలీంధ్రాల పేర్లు మారుతూనే ఉంటాయి, ఒక జాతి అనుకున్నది నాలుగని తేలుతుంది, అప్పుడు మీరు రాసిన పేరు నాలుగింట్లో దేనిదో చెప్పాలంటే ఆ ఎండిన ముక్క ఒక్కటే సాక్ష్యం.

ఇంకో సంగతి. పైకి కనబడే గొడుగు సిద్ధబీజాలు (విత్తనాల్లా పనిచేసే సన్నటి పొడి, స్పోర్లు) చల్లడానికి వచ్చిన భాగం మాత్రమే, అసలు శరీరం మట్టిలో, కర్రలో సన్నటి దారాల్లా పాకి ఉంటుంది. సంతకి వచ్చిన వాళ్లని లెక్కపెట్టి ఊరి జనాభా చెప్పడం ఎలాంటిదో, ఒకరోజు కనబడ్డ గొడుగుల్ని బట్టి ఈ అడవిలో ఇన్నే ఉన్నాయనడం అలాంటిది. కొన్ని జాతులు రెండు మూడేళ్లకోసారి గానీ పైకి రావు. అందుకే ఒకసారి వెళ్లొచ్చి రిపోర్టు రాసేస్తే అది సర్వే అనిపించుకోదు.

కొండపల్లి లాంటి ఎండు కొండల్లో ఏముంటాయండీ, మేఘాలయ వెళ్లాలి గానీ?

మేఘాలయ అడవి వేరు, మన అడవి వేరు. మనది ఆకురాల్చే ఎండు అడవి, ఏప్రిల్, మే నెలల్లో చూస్తే మోడులే కనిపిస్తాయి, అక్కడక్కడా ముళ్లపొదలు. కానీ జూలై దాటాక ఒకసారి మూలపాడు సీతాకోకచిలుకల పార్కు వైపు నుంచి నడిచి చూడండి. పడిపోయిన కొమ్మల మీద చిన్న చిన్న విసనకర్రల్లాంటి షైజోఫిల్లం కమ్యూన్ గుంపులు గుంపులుగా ఉంటుంది. దాన్ని తిప్పి భూతద్దంలో చూడండి: అడుగున ఉన్న ప్రతి పొరా నిలువునా రెండుగా చీలి ఉంటుంది, ఎండకి ఆ చీలికలు లోపలికి ముడుచుకుంటాయి, వాన తగలగానే మళ్లీ విచ్చుకుని సిద్ధబీజాలు వదలడం మొదలుపెడతాయి. ఎండు కొండలో బతకడానికి దానికున్న ఏర్పాటు అది.

ఎండు కర్ర మీద నారింజ ఎరుపులో మెరిసే పిక్నోపోరస్, ముసలి చెట్ల మొదట్లో గట్టి చెక్కలా ఉండే గానోడెర్మా, నల్లటి బొగ్గు ఉండల్లాంటి డాల్డీనియా, చెవి ఆకారంలో మెత్తగా ఉండే ఆరిక్యులేరియా, చెదపుట్టల మీద టెర్మిటోమైసిస్, టోపీ ఎప్పటికీ విచ్చుకోని పోడాక్సిస్, ఇవన్నీ ఇలాంటి ఎండు అడవిలోనూ బతికే రకాలు. ఎండు అడవి అని చిన్నచూపు చూడడం వల్లే వీటి గురించి సరైన రికార్డులు తక్కువగా ఉన్నాయి. నన్నడిగితే ఇక్కడ పనిచేయడానికి అదే పెద్ద కారణం.

చైనా, ఈశాన్య రాష్ట్రాల పేపర్లలోని జాబితా చూసి ఇక్కడి వాటిని గుర్తించొచ్చా?

వద్దు. దక్షిణ చైనాలో డింగ్‌హుషాన్ లాంటి ఉపోష్ణమండల రక్షిత అడవుల్లో (అది 1956లో ఏర్పడింది, చైనాకి మొట్టమొదటి ప్రకృతి రిజర్వు) చేసిన పనుల్నీ, ఖాసీ కొండల్లో చేసిన పనుల్నీ తప్పకుండా చదవండి, కానీ పద్ధతి కోసం చదవండి. ఆ అడవుల్లో ఓక్, చెస్ట్‌నట్ జాతుల చెట్లు, పైన్ చెట్లు ఉంటాయి. అమనీటా, రుస్సులా, లాక్టేరియస్, బొలీటస్ లాంటివి ఆ చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతుకుతాయి: చెట్టు చక్కెర ఇస్తుంది, శిలీంధ్రం భాస్వరం, నత్రజని, నీళ్లు అందిస్తుంది. మన కొండల మీద బిల్లుడు, తునికి, మోదుగ, రేల, తెల్లపొణికి లాంటి చెట్లలో ఎక్కువ భాగం వేరే రకం శిలీంధ్రాలతో పొత్తు పెట్టుకుంటాయి, అవి గొడుగులుగా పైకి రావు. కాబట్టి మన దగ్గర కర్రని, రాలిన ఆకుని కుళ్లబెట్టేవీ, చెదలతో కలిసి బతికేవీ ఎక్కువ. జాబితాలో సగం రుస్సులాలే ఉన్నాయంటే ఎక్కడో తేడా జరిగినట్టే.

ఒక మినహాయింపు ఉంది. జామాయిల్, సరుగుడు తోటల్లో పైసోలిథస్ దొరుకుతుంది. పైకి మట్టిగడ్డలా వికారంగా ఉంటుంది, కోసి చూస్తే లోపల గింజలు గింజలుగా గదులు, పండాక గోధుమరంగు పొడి. అది ఆ చెట్ల వేళ్లకి తోడు. బాపట్ల వైపు సరుగుడు తోటలకి వెళ్తే వానల తర్వాత ఇసుకలో వెతకండి.

పర్మిషన్ కావాలా? మేం ఫోటోలే తీస్తాం.

రిజర్వు ఫారెస్టు అయితే ముందుగా ఆ జిల్లా అటవీ అధికారి ఆఫీసులో కాలేజీ లెటర్‌తో దరఖాస్తు పెట్టుకోండి. ఎక్కడికి వెళ్తారు, ఏ తేదీల మధ్య, ఎంతమంది, నమూనాలు కోస్తారా లేదా, కోస్తే ఎంతెంత, అన్నీ అందులో రాయండి. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 కింద రిజర్వు అడవిలోంచి అనుమతి లేకుండా ఏదీ తీసుకురావడం కుదరదు, పుట్టగొడుగు కూడా అందులోకే వస్తుంది.

అభయారణ్యమో, టైగర్ రిజర్వో అయితే నిబంధనలు ఇంకా గట్టివి. నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వు గానీ, దివిసీమ వైపు కృష్ణా అభయారణ్యం గానీ, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కిందికి వస్తాయి. అక్కడ పరిశోధనకీ, ఫోటోలకీ కూడా 28వ సెక్షన్ కింద రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి, నమూనా కోసి తేవడం ఇంకో మెట్టు పైన. దీనికి నెలలు పడుతుంది. జూలైలో సర్వే అనుకుంటే సంక్రాంతి వెళ్లగానే కాగితాలు కదపండి.

నమూనాలు విదేశీ ల్యాబుకి పంపాలన్నా, విదేశీ పరిశోధకులతో కలిసి పనిచేయాలన్నా జీవవైవిధ్య చట్టం 2002 వర్తిస్తుంది, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దాకా వెళ్లాలి. "చిన్న ముక్కేగా, కొరియర్‌లో పంపేద్దాం" అనే సలహా ఎవరిచ్చినా వినొద్దు.

ఇదంతా విని చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గకండి. బీట్ ఆఫీసర్లకీ, వాచర్లకీ ముందే విషయం చెప్పి వెళ్తే ఏ వాగు పక్కన ఏం వస్తుందో వాళ్లే దారి చూపిస్తారు.

ఏ నెలల్లో వెళ్లాలి?

మృగశిర కార్తెలో తొలి వానలు పడగానే పుట్టల మీద కొన్ని వస్తాయి, కానీ అసలు సీజన్ పునర్వసు, పుష్యమి నుంచి మొదలై హస్త, చిత్త దాకా, అంటే జూలై మొదటివారం నుంచి అక్టోబరు మూడోవారం వరకు. మనకి ఈశాన్య రుతుపవనాల వానలు కూడా కొంత పడతాయి కాబట్టి నవంబరులో ఒక తుపాను వచ్చిందంటే మళ్లీ ఒక విడత. గట్టి వాన పడ్డాక నాలుగైదు రోజులాగి వెళ్లండి. మెత్తటివి ఒక్కరోజులో వచ్చి వాడిపోతాయి, పదిహేను రోజులకోసారి వెళ్తే సగం తప్పిపోతాయి. వీలైతే వారం పదిరోజులకోసారి వెళ్లండి. కర్ర మీది గట్టి రకాలు మాత్రం వేసవిలో కూడా ఉంటాయి, వాటికోసం ఒకసారి ఫిబ్రవరిలో కూడా చుట్టి రండి.

ఉదయాన్నే బయల్దేరండి. పదకొండు దాటితే ఎండకి టోపీల రంగు పోతుంది, మనకీ ఓపిక ఉండదు.

ప్లాట్లు వేయాలా, ఊరికే నడుస్తూ వెతికితే చాలదా?

రెండూ చేయండి, కానీ లెక్కలు విడివిడిగా ఉంచండి.

ప్లాటు అంటే నైలాన్ తాడుతో పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు చతురస్రం కట్టి, మూలల్లో చెట్లకి గుర్తు పెట్టి, ప్రతిసారీ అదే చోట అంగుళం అంగుళం వెతకడం. వాగు ఒడ్డున కొన్ని, కొండవాలులో కొన్ని, పైన రాతినేల మీద కొన్ని వేస్తే పోల్చడానికి వీలుంటుంది. దీంట్లో జాతులు తక్కువ దొరుకుతాయి, కానీ ఇక్కడ ఇన్ని, అక్కడ ఇన్ని అని ధైర్యంగా చెప్పొచ్చు. నడుస్తూ వెతికితే జాబితా త్వరగా పెరుగుతుంది, కాకపోతే వెతికేవాళ్ల కన్ను ఎటు పోతే అవే దొరుకుతాయి, ఎర్రవీ పెద్దవీ కంటపడతాయి, వేలి గోరంత గోధుమరంగువి తప్పించుకుంటాయి.

ప్రాజెక్టు రిపోర్టుల్లో నాకు నచ్చనిది ఒకటుంది. కనబడ్డ ప్రతి గొడుగునీ ఒక "జీవి"గా లెక్కేసి షానన్ సూచిక (ఎన్ని జాతులు, ఒక్కోటి ఎన్నెన్ని అన్నది కలిపి వైవిధ్యాన్ని చెప్పే అంకె) కట్టేస్తారు. ఒకే మైసీలియం (లోపల పాకి ఉండే ఆ దారాల అల్లిక) నుంచి మూడొందల చిన్న గొడుగులు లేవొచ్చు, పక్కనే ఇంకో జాతి ఒక్కటే పెద్దది పెట్టొచ్చు. మూడొందలకి ఒకటి అని లెక్కేస్తే వచ్చే అంకెకి అర్థం లేదు. దాని బదులు ఎన్ని ప్లాట్లలో, ఎన్నిసార్లు ఆ జాతి కనిపించింది అన్నది రాయండి. అది నిజాయితీగా ఉంటుంది, వచ్చే ఏడాది ఇంకొకరు చేసినదానితో పోల్చడానికీ పనికొస్తుంది.

కోస్తే అడవికి నష్టం కదా?

గొడుగు కోసినంత మాత్రాన మట్టిలో ఉన్న మైసీలియం చావదు. స్విట్జర్లాండ్‌లో 1975లో మొదలుపెట్టి ముప్పై ఏళ్లకి దగ్గరగా కొన్ని ప్లాట్లలో కోస్తూ, కొన్నిట్లో వదిలేస్తూ చూశారు. కోయడం వల్ల తర్వాతి ఏళ్లలో దిగుబడి గానీ, జాతుల సంఖ్య గానీ తగ్గలేదు. తగ్గించింది తొక్కిడి. మనుషులు పదేపదే తొక్కిన చోట గొడుగులు బాగా తక్కువొచ్చాయి. కాబట్టి పాతికమంది విద్యార్థుల్ని ఒకేసారి ప్లాటులోకి దింపకండి, ఇద్దరు ముగ్గురు లోపల, మిగతావాళ్లు తాడు బయట. ఎత్తిన దుంగని మళ్లీ అలాగే బోర్లా పెట్టండి. గుంపులో రెండు మూడు తీసుకుని మిగతావి వదిలేయండి, లేతది ఒకటి, పండినది ఒకటి ఉంటే మంచిది. ఒక్కటే ఉందంటే ఫోటో తీసి, బాగా ఆలోచించి, నిజంగా అవసరమైతేనే కోయండి.

యాప్‌లో ఫోటో పెడితే పేరు చెప్పేస్తుంది కదా, ఇంత తతంగం ఎందుకు?

ఐనాచురలిస్ట్ లాంటివి నేనూ వాడతాను. ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో నలుగురికీ తెలియడానికి చాలా బాగుంటుంది, దయచేసి పెట్టండి. కానీ యాప్ చెప్పే పేరు ఊహ మాత్రమే. అది నేర్చుకున్న ఫోటోల్లో ఎక్కువ భాగం యూరప్, అమెరికావి, అందుకే మన తెల్లగొడుగుకి అక్కడి పేరు తగిలిస్తుంది. చాలా జాతుల తేడా సిద్ధబీజం సైజులో ఉంటుంది, దాన్ని ఫోన్ కెమెరా చూడలేదు. ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, జీనస్) దాకా చెప్పగలిగితే ప్రజాతి దాకానే రాయండి. "మరాస్మియస్, జాతి తెలియదు" అని రాయడంలో చిన్నతనం ఏమీ లేదు, తప్పు పేరు రాయడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

అక్కడికక్కడే ఏమేం రాసుకోవాలి?

ఎండితే పోయేవన్నీ. రంగు, వాసన, జిగట, పాలు కారుతున్నాయా, నలిపితే నీలంగానో ఎర్రగానో మారుతోందా, ఇవి ఇంటికెళ్లాక దొరకవు. టోపీ వెడల్పు, కాడ పొడవు స్కేలుతో కొలవండి. కాడకి ఉంగరం ఉందా, మొదట్లో సంచి లాంటి తొడుగు ఉందా చూడాలంటే పైనుంచి తుంపకూడదు, చాకుతో చుట్టూ మట్టి తవ్వి మొత్తం ఎత్తాలి. పైనుంచి, పక్కనుంచి, అడుగునుంచి, నిలువుగా కోసి, నాలుగు ఫోటోలు, పక్కన స్కేలు పెట్టి. దేని మీద ఉంది, ఆ కర్ర ఏ చెట్టుది, జీపీఎస్ రీడింగు, తేదీ. చెట్టు పేరు తెలియకపోతే ఆకు ఒకటి పేపర్లో పెట్టుకుని రండి.

పెన్సిల్‌తో రాయండి, వానకి ఇంకు కారిపోతుంది. నమూనాని అల్యూమినియం ఫాయిల్‌లోనో, న్యూస్‌పేపర్ పొట్లంలోనో పెట్టి గట్టి డబ్బాలో సర్దండి. పాలిథిన్ కవరు వద్దు, అందులో చెమటపట్టి మైలవరం రోడ్డు ఎక్కేలోపే కుళ్లు మొదలవుతుంది.

స్పోర్ ప్రింట్ అంటే ఏమిటి? ఇంట్లో తీయొచ్చా?

టోపీ అడుగు నుంచి రాలిన సిద్ధబీజాలు కాగితం మీద వదిలే రంగు ముద్ర అది. ఇంట్లో తప్పకుండా తీయొచ్చు. కాడ కోసేసి, టోపీని పొరలు కిందికి ఉండేలా కాగితం మీద పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. కాగితం సగం తెల్లది, సగం నల్లది అయితే ఏ రంగైనా కనిపిస్తుంది. ఫ్యాను గాలి తగలకూడదు.

దీని విలువ ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది. వానలు పడ్డాక విజయవాడ పార్కుల్లో, కాలేజీ గడ్డి మైదానాల్లో తెల్లగా, పళ్లెమంత పెద్దగా, టోపీ మీద గోధుమరంగు పెచ్చులతో, కాడకి కదిలే ఉంగరంతో ఒకటి వస్తుంది. లేతగా ఉన్నప్పుడు అడుగు పొరలు తెల్లగానే ఉంటాయి, తినే రకాలకి ఏమాత్రం తీసిపోదు. రాత్రి ప్రింట్‌కి పెట్టి పొద్దున గిన్నె తీస్తే కాగితం మీద బూడిద కలిసిన ఆకుపచ్చ గీతలు చక్రంలా పడి ఉంటాయి. అది క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్. గొడుగుల్లో ఆకుపచ్చ ప్రింట్ ఇచ్చేవి చాలా అరుదు. తింటే ఒకటి నుంచి మూడు గంటల్లో విపరీతమైన వాంతులు, విరేచనాలు. ప్రపంచంలో చాలాచోట్ల పుట్టగొడుగులతో ఆస్పత్రి పాలయ్యేవాళ్లలో దీన్ని తిన్నవాళ్లు తరచుగా కనిపిస్తారు.

పుట్ట మీద వచ్చేవన్నీ ఒకటేనా?

కాదు. మన దగ్గర చెదలు నేల లోపల శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. ఎండు ఆకునీ కర్రనీ కొరికి తెచ్చి, సగం అరిగించి, గూటిలో మెత్తటి తెట్టెల్లా పేరుస్తాయి, దాని మీద టెర్మిటోమైసిస్ పెరుగుతుంది, చెదలు దాన్ని తింటాయి. వానాకాలంలో ఆ తెట్టెల్లోంచే గొడుగులు నేలని చీల్చుకుని పైకి వస్తాయి. ఒకదాన్ని ఓపిగ్గా తవ్వి చూడండి: కాడ నేలమట్టంలో ఆగదు, సన్నబడుతూ వేరులా కిందికి పోతూనే ఉంటుంది, మూర లోతు దాటినా తెగకుండా తీయగలిగితే చివర గూటి తెట్టె దాకా వెళ్తుంది. టోపీ నడిమిన మొనదేలిన బొడిపె ఉంటుంది, నేలని పొడుచుకు రావడానికి.

టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ అని చిన్న రకం ఒకటుంది, దానికి ఆ పొడుగు వేరు ఉండదు. చెదలు తెట్టె ముక్కల్ని బయటికి తెచ్చి పారబోసిన చోట వందల కొద్దీ తెల్లగా లేస్తుంది. టెర్మిటోమైసిస్ హైమీ అనే పెద్ద రకాన్ని 1979లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె. నటరాజన్ దక్షిణ భారతం నుంచే వర్ణించారు. వీటిని ఇంతవరకూ ముత్యపుచిప్ప, పాల పుట్టగొడుగుల్లా షెడ్డులో పండించడం కుదరలేదు, చెదలు లేకుండా అవి గొడుగు ఎత్తవు. అందుకని గొడుగుల కోసం పుట్టని పలుగుతో పగలగొట్టకండి. గూడు పోతే మళ్లీ ఏడు అక్కడ ఏమీ రావు.

పుట్ట మీద వచ్చిందల్లా ఇదే అనుకోవద్దు. పోడాక్సిస్ కూడా పుట్ట మీదే వస్తుంది, వేరే రకాలూ పుట్ట పక్క మట్టిలో మొలుస్తాయి.

సర్వేలో దొరికినవి వండుకోవచ్చా?

వద్దండీ. ఈ ప్రశ్నకి నేను మొహమాటం లేకుండా జవాబు చెబుతాను. సర్వే నమూనా కంచంలోకి పోకూడదు, అడవిలోంచి తెచ్చినది తినడానికి పర్మిషనూ లేదు.

వెండి నాణెం నల్లబడకపోతే మంచిదని, పసుపు, వెల్లుల్లి వేసి ఉడికిస్తే విషం విరుగుతుందని, పురుగు తిన్నదైతే మనమూ తినొచ్చని చెబుతుంటారు. వీటిలో ఒక్కటీ నిజం కాదు. అమటాక్సిన్ అనే విషం ఉడికించినా, ఎండబెట్టినా పోదు. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల దాకా ఏమీ తెలియదు, రుచిగానే ఉందంటారు. తర్వాత వాంతులు, విరేచనాలు. అవి తగ్గి ఒకరోజు బాగానే ఉన్నట్టు ఉంటుంది, ఇంటికి పంపేయమంటారు, ఆ రోజే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు, ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాల వాళ్లు. ఈ విషం అమనీటాల్లోనే కాకుండా లెపియోటా జాతులు కొన్నిట్లో కూడా ఉంటుంది. అవి చిన్నవి, వాటికి ఓక్ చెట్టూ పైన్ చెట్టూ అక్కర్లేదు, కుళ్లిన ఆకు చాలు. కాబట్టి మన దగ్గర భయం లేదనుకోవద్దు.

ఎవరైనా తిని ఇబ్బంది పడితే వాంతులు తగ్గేదాకా చూద్దామని ఇంట్లో ఉంచకండి. 108కి ఫోన్ చేసి విజయవాడ గానీ గుంటూరు గానీ పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, మిగిలిన పుట్టగొడుగు ముక్క, వండిన కూర అయినా సరే, డబ్బాలో పెట్టి డాక్టరుకి ఇవ్వండి. ఎన్ని గంటలకి తిన్నారు, ఎన్ని గంటలకి మొదటి వాంతి అయింది, ఈ రెండు టైములు చాలా ముఖ్యం.

ఊళ్లోవాళ్లు తరతరాలుగా తింటున్నారుగా?

తింటున్నారు, వాళ్లకి తమ పుట్టలు తెలుసు. నల్లమలలో చెంచులకి ఏ వానకి ఏది లేస్తుందో తెలుసు. ఆ తెలివి ఒక చోటికి, ఒక నేలకి సంబంధించినది, దాన్ని యూట్యూబ్‌లో చూసి ఇంకో జిల్లాలో వాడితే ప్రమాదం.

సర్వే చేసేవాళ్లు వాళ్లతో మాట్లాడాలి. మాట్లాడేటప్పుడు ఎందుకు అడుగుతున్నారో ముందు చెప్పండి, పేరు వేయమంటే వేయండి, వద్దంటే వద్దు. దొరికే చోటు బయటపెట్టొద్దంటే మ్యాపులో పెట్టకండి, వాళ్ల రాబడి దాని మీద ఉంటుంది. పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉండాలి. రిపోర్టు కాపీ తెలుగులో రాసి అక్కడా ఒకటి ఇవ్వండి. సమాచారం తీసుకుని మళ్లీ ఆ ఊరి మొహం చూడని పరిశోధకుల మీద గ్రామాల్లో ఉన్న కోపం న్యాయమైనదే.

ఎలా ఎండబెట్టాలి? మా హాస్టల్లో డ్రయ్యర్ లేదు.

కూరగాయలు ఎండబెట్టే చిన్న డీహైడ్రేటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, నలుగురు కలిసి కొనుక్కోండి. 40 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంచితే చాలు, ఇంకా వేడి పెడితే ఉడికిపోతుంది, డీఎన్‌ఏ కూడా పాడవుతుంది. లావుగా ఉన్నవాటిని నిలువుగా కోయండి. విరిస్తే పుటుక్కుమనాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. మన దగ్గర ఆగస్టు గాలిలో తేమ ఎక్కువ, ఎండిందని బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి మెత్తబడుతుంది. తీసిన వెంటనే సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో పెట్టి, లేబుల్ లోపల ఒకటి, బయట ఒకటి. పురుగు పట్టకుండా వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి తీయండి.

డీఎన్‌ఏ కోసం గోరంత ముక్క లోపలి కండలోంచి శుభ్రమైన చాకుతో తీసి విడిగా సిలికా జెల్‌లో వేసుకోండి.

డీఎన్‌ఏ చేయిస్తే మైక్రోస్కోప్ అక్కర్లేదా?

రెండూ కావాలి. శిలీంధ్రాలకి ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్ని 2012లో అందరికీ ఒప్పుదలైన బార్‌కోడ్‌గా, అంటే జాతిని గుర్తుపట్టే డీఎన్‌ఏ గుర్తుగా, ప్రతిపాదించారు. ఎండిన ముక్క ఇస్తే హైదరాబాద్, బెంగళూరు ల్యాబుల్లో సీక్వెన్స్ చేసిస్తారు. వచ్చిన వరసని జెన్‌బ్యాంక్‌లో, యునైట్ డేటాబేస్‌లో వెతుకుతారు. చిక్కేమిటంటే జెన్‌బ్యాంక్‌లో తప్పు పేర్లతో ఉన్న వరసలు చాలా ఉన్నాయి, 99 శాతం కలిసిందని ఆ పేరు రాసేస్తే ఇంకొకరి తప్పు మీ తప్పవుతుంది. అందుకే సిద్ధబీజాల ఆకారం, కొలత, గోడ మీద గరుకు, అయోడిన్ ఉన్న మెల్జర్ ద్రవంలో నీలంగా మారుతోందా అన్నవి వెయ్యి రెట్లు పెద్దది చేసి చూపే ఆయిల్ లెన్సు కింద చూడాలి. ఒక్కో నమూనాకి ఇరవై ముప్పై బీజాలు కొలవండి. డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబులో ఉన్న మైక్రోస్కోప్ చాలు, కొలిచే స్కేలు ఒకటి అమర్చుకోవాలి.

మట్టి నుంచే నేరుగా డీఎన్‌ఏ తీసే పద్ధతి కూడా ఉంది, గొడుగు ఎత్తని జాతులు బయటపడతాయి. ఖర్చు ఎక్కువ. మొదటి ఏడాదికి వద్దు.

ఎన్ని జాతులు దొరికితే పూర్తయినట్టు?

అంకె లేదు. ఒక్కో ట్రిప్పుకి కొత్తగా ఎన్ని కలిశాయో గ్రాఫ్ గీయండి. గీత ఇంకా నిటారుగా లేస్తుంటే పని మొదట్లోనే ఉన్నట్టు, చదునవుతుంటే మీ పద్ధతికి దొరికేవి దాదాపు దొరికినట్టు. ఒకే ఒక్కసారి కనిపించిన జాతులు జాబితాలో ఎక్కువగా ఉంటే కంటపడనివి ఇంకా చాలా ఉన్నాయని అర్థం, ఆన్ చావో అనే గణాంక శాస్త్రవేత్త పేరుతో ఉన్న అంచనా లెక్క దాని మీదే ఆధారపడుతుంది. ప్రపంచంలో 22 లక్షల నుంచి 38 లక్షల శిలీంధ్ర జాతులు ఉండొచ్చని 2017లో అంచనా కట్టారు, పేరు పెట్టినవి లక్షన్నర చిల్లర. ఎంత మిగిలి ఉందో చూడండి.

పాములూ అవీ ఉంటాయా? టెన్షన్‌గా ఉంది.

ఉంటాయి. రక్తపింజర రాలిన ఆకుల్లో అసలు కనబడదు, మనం వెతికేదీ ఆకుల్లోనే. చేత్తో ఆకులు కెలకకండి, కర్రతో జరిపి చూసి అప్పుడు వంగండి. మడమ పైదాకా వచ్చే బూట్లు వేసుకోండి. కొండపల్లిలో చిరుతలు తిరుగుతాయి, కాబట్టి ఒంటరిగా వెళ్లడం, చీకటి పడ్డాక ఉండడం కుదరదు.

అందరూ మర్చిపోయేది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే నలుసంత పురుగు పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. ప్యాంటు సాక్సులోకి దోపండి, నేల మీద కూర్చోకండి, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు ఉతకండి. తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, ఒంటి మీద నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఉందేమో చూసి, అడవికి వెళ్లామని డాక్టరుకి తప్పకుండా చెప్పండి. చెబితే త్వరగా పట్టుకుంటారు, డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది.

నమూనాలు చివరికి ఎక్కడ పెట్టాలి? కొత్త జాతి దొరికితే?

కాలేజీ బీరువాలో పెడితే మీరు పాసై వెళ్లాక చెత్తలోకి పోతాయి. గుర్తింపు ఉన్న హెర్బేరియానికి (ఎండిన నమూనాలు శాశ్వతంగా దాచే చోటు) ఇవ్వండి, పుణెలో అగార్కర్ పరిశోధన సంస్థ వాళ్ల అజ్రేకర్ హెర్బేరియం, హౌరాలో బొటానికల్ సర్వే వాళ్ల కేంద్ర జాతీయ హెర్బేరియం ఉన్నాయి. ముందు ఉత్తరం రాసి, వాళ్ల ఫార్మాట్‌లో వివరాలు పంపి, నంబరు తీసుకోండి. రిపోర్టులో ప్రతి జాతి పేరు పక్కనా ఆ నంబరు ఉండాలి. రెండో ముక్క దగ్గర్లోని విశ్వవిద్యాలయం బోటనీ విభాగంలో ఉంచితే ఇక్కడివాళ్లకీ అందుబాటులో ఉంటుంది.

కొత్త జాతి అని తొందరపడి పేపర్లకి చెప్పకండి. దగ్గరి బంధువులన్నిటితో పోల్చాలి, శిలీంధ్రాల పేర్లు నమోదు చేసే మైకోబ్యాంక్‌లోనో ఇండెక్స్ ఫంగోరమ్‌లోనో నంబరు తీసుకోవాలి, టైపు నమూనా (ఆ కొత్త పేరుకి ఆధారంగా నిలిచే నమూనా) హెర్బేరియంలో ఉండాలి, వర్ణన అచ్చవ్వాలి. ఆ ప్రజాతి మీద పనిచేసినవాళ్లకి ముందు ఫోటోలు, కొలతలు పంపి అడగండి, చాలామంది జవాబిస్తారు. వాళ్లు మొదట అడిగేది నమూనా ఎండబెట్టారా, పండినదీ లేతదీ రెండూ ఉన్నాయా అనే.